గొంతు వినిపిస్తుంది, మాట అందదు
(వార్ధక్యంలో వినికిడి లోపము – ప్రసంగ శ్రవణము)

శుక్రవారం మధ్యాహ్నం నమాజు ముగించుకొని ఇంటికి వచ్చిన ఒక వృద్ధుణ్ణి మనుమడు అడిగాడు: "దాదా, ఈ రోజు బయాన్‌లో ఏం చెప్పారు?" ఆ పెద్దాయన చిరునవ్వు నవ్వి, "మంచి మాటలే చెప్పారు బేటా" అన్నారు. మనుమడు వదలలేదు. "దేనిని గురించి?" అన్నాడు. దాదా కొంచెం తటపటాయించి, "ఖబ్ర్ గురించి చెప్పారనుకుంటాను" అన్నారు. ఆనాటి ప్రసంగం సమాధిని గురించి కాదు. సబ్ర్, అనగా సహనమును గురించి. సహనమును గురించి అరగంట సేపు సాగిన ప్రసంగాన్ని ఆయన సమాధిని గురించిన ప్రసంగంగా విని, మనసులో కొంత దిగులుతో ఇంటికి చేరారు.

మడకశిరలోనే కాదు, హిందూపురంలోనూ పెనుకొండలోనూ ధర్మవరంలోనూ ఇటువంటి పెద్దలు లేని వీధి ఉండదు. వారు చెవిటివారు కారు. పిలిస్తే పలుకుతారు, అజాన్ వింటారు. ఇంట్లో ఎదురుగా కూర్చుని మాట్లాడితే సంభాషణ సాగిస్తారు. అయినా ప్రసంగం మాత్రం వారికి అందదు. "మైకు పెంచితే సరిపోతుంది కదా" అని చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయం ఎంతవరకు సరియైనదో, లోపం ఎక్కడ ఉన్నదో, దానిని తీర్చుటకు విద్యార్థులమైన మనము, మన పెద్దలు, కమిటీ సభ్యులు ఏమి చేయగలమో వివరించుటయే ఈ వ్యాసం యొక్క ఉద్దేశము.

చెవిలో జరిగేది

మన లోపలి చెవిలో నత్త గుల్లను పోలిన ఒక చిన్న అవయవం ఉన్నది. దానిని కర్ణావర్తము అంటారు. సుమారు రెండున్నర చుట్లు తిరిగిన ఆ గుల్లలో, ఒక్కొక్క చెవికి దాదాపు 15,000 సూక్ష్మమైన రోమకణాలు వరుసలుగా అమరి ఉంటాయి. ధ్వని తరంగాలు లోపలి ద్రవాన్ని కదిలించినప్పుడు ఈ కణాల కొనలు వంగి, ఆ కదలికను నాడీ సంకేతంగా మార్చి మెదడుకు పంపుతాయి. ప్రతి భాగానికీ ఒక పని కేటాయించబడి ఉన్నది. గుల్ల ముఖద్వారం వద్ద ఉన్న కణాలు కీచు ధ్వనులను, లోపలి చివరన ఉన్నవి బొంగురు ధ్వనులను గ్రహిస్తాయి.

వయస్సు పైబడిన కొలదీ ఈ కణాలు నశిస్తూ పోతాయి. మానవునిలో అవి తిరిగి మొలవవు. సాధారణంగా మొదట దెబ్బతినేది ముఖద్వారం వద్ద ఉన్న కీచు ధ్వనుల భాగమే. ఇది రెండు చెవులలోనూ ఇంచుమించు సమానంగా, ఏళ్ళ తరబడి, నొప్పి లేకుండా జరుగుతుంది. అందువల్లనే తనకు వినికిడి తగ్గినదని ఆ మనిషికే చాలాకాలం తెలియదు. "ఈ కాలపు పిల్లలు మాటలు నమిలేస్తున్నారు" అని ఆయన అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 ఏళ్ళు దాటినవారిలో నూటికి 25 మందికి పైగా జీవితానికి ఆటంకం కలిగించేంత వినికిడి లోపంతో ఉన్నారు. అంటే జమాతులో నిలిచిన నలుగురు వృద్ధులలో ఒకరికి ఈ ఇబ్బంది ఉండవచ్చును.

అచ్చులు మిగులుతాయి, హల్లులు జారిపోతాయి

కీచు ధ్వనులు పోతే పిట్టల కూతలు మాత్రమే పోతాయని అనుకోరాదు. మాటలో కూడా రెండు పాళ్ళు ఉన్నాయి. అ, ఆ, ఉ, ఓ వంటి అచ్చులకు బలం ఎక్కువ, స్థాయి తక్కువ. వాటి శక్తిలో అధిక భాగం 1,000 హెర్ట్జులకు లోపలే ఉంటుంది. స, శ, ఫ వంటి ఊదుడు ధ్వనులూ, క, త, ప ల తొలి పలుకూ బలహీనమైనవి, పైస్థాయికి చెందినవి. 'స' కారపు ధ్వని ముఖ్యంగా 4,000 హెర్ట్జులకు పైన ఉంటుంది. అచ్చులు మాటకు గొంతునిస్తాయి. హల్లులు మాటకు అర్థాన్నిస్తాయి.

తెలుగులో 'కన్ను', 'పన్ను', 'తన్ను' అనే మూడు మాటలను చూడండి. మొదటి హల్లు జారిపోతే మూడింటిలోనూ మిగిలేది ఒక్కటే. ఉర్దూలో 'సబ్ర్' అంటే సహనము, 'ఖబ్ర్' అంటే సమాధి, 'జబ్ర్' అంటే బలవంతము. 'ఫిక్ర్' అంటే చింత, 'జిక్ర్' అంటే భగవంతుని స్మరణ. చింతకూ స్మరణకూ నడుమ ఉన్నది ఒక్క హల్లు. ఆ హల్లును పట్టుకోలేని చెవికి ఉపదేశమంతా తారుమారు కావచ్చును. మన దాదాగారికి జరిగినది అదే. తెలుగు అజంత భాష కాబట్టి, వాక్యం చివరి వరకూ గంభీరమైన అచ్చులు మ్రోగుతూనే ఉంటాయి. పెద్దలకు ప్రసంగం రాగంలాగా చెవిని తాకుతుంది కాని, మాటలుగా విడివడదు.

వినుట అనేది చెవి ఒక్కదాని పని కాదు. చెవి సగం అందిస్తే మిగిలిన సగాన్ని మనస్సు సందర్భాన్ని బట్టి పూరించుకొంటుంది. ఐతే మనస్సు తనకు తెలిసిన మాటతోనే పూరించగలదు. మడకశిర కర్ణాటక సరిహద్దున ఉన్న ఊరు. ఇక్కడి ముస్లిం గృహాలలో దక్కనీ ఉర్దూ, బజారులో తెలుగు, సరిహద్దు గ్రామాలలో కన్నడము వినిపిస్తాయి. ప్రసంగంలో అరబ్బీ, ఫారసీ పదాలు దట్టంగా వచ్చినప్పుడు ఇంటి మాటకు అలవాటుపడిన వృద్ధుడు ఆ ఖాళీలను పూరించుకోలేరు. యువకునికి అది తెలియని మాట మాత్రమే. వృద్ధునికి అది వినిపించని మాట కూడా.

ప్రసంగమే ఎందుకు కష్టము?

ఇంట్లో మాట్లాడుకొనేటప్పుడు అర్థం కాకపోతే "ఏమిటీ?" అని అడుగుతాము. ప్రసంగంలో ఆ వీలు లేదు. శుక్రవారపు ఖుత్బా జరుగుచుండగా నిశ్శబ్దంగా ఉండవలెనన్న నియమం ఎంత గట్టిదంటే, మాట్లాడుతున్న పక్కవానిని "ఊరుకో" అని వారించుట కూడా తగదని పెద్దలు బోధిస్తారు. కనుక జారిపోయిన మాటను పక్కవానిని అడిగి తెలుసుకొనుట మర్యాద కాదు. జారిన మాట జారినట్లే. చర్చిలో వాక్యోపదేశం వినే వృద్ధులకు, గుడిలో హరికథ వినే వృద్ధులకు కూడా ఇంచుమించు ఇదే స్థితి.

రెండవ ఆటంకం దూరము. ఆరుబయట దూరం రెట్టింపైన కొలదీ ధ్వని 6 డెసిబెల్లు తగ్గుతుంది. గదిలో ఐతే వక్త నుండి కొంత దూరం దాటిన తరువాత, నేరుగా వచ్చే మాట కన్నా గోడలకు తగిలి వచ్చే మాటే ఎక్కువగా చేరుతుంది. ఇక్కడ మన అలవాటు ఒకటి గమనించదగినది. మోకాళ్ళ నొప్పుల వల్ల క్రింద కూర్చోలేని పెద్దలకు మనము కుర్చీలు వేస్తాము. ఆ కుర్చీలను చాలాచోట్ల వెనుక వరుసలోనో, ఒక మూలనో వేస్తాము. దగ్గరగా కూర్చొనవలసిన అవసరం ఎవరికి ఎక్కువో వారినే అందరికన్నా దూరంగా కూర్చోబెడుతున్నామన్నమాట. ఇమాముకు దగ్గరగా వచ్చి కూర్చోండి అని ధర్మమే ఉపదేశిస్తున్నప్పుడు, ఈ ఏర్పాటును మార్చుటకు ఆక్షేపణ ఉండనవసరం లేదు.

మూడవది ప్రతిధ్వని. విజయపురలోని గోల్ గుంబజ్ మనలో చాలామంది చూసినదే. 1656లో మరణించిన ముహమ్మద్ ఆదిల్ షా సమాధి మీద నిలిచిన ఆ గుమ్మటం క్రింద ఒక్క చప్పట్టు పలుమార్లు తిరిగి వినిపిస్తుంది. వినోదానికి అది అద్భుతమే కాని, ప్రసంగానికి అదే శత్రువు. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో ఏ మాటా తెలియడం లేదని, వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుణ్ణి పరిశీలించమన్నారు. అక్కడ ఒక మాట పలికితే అది అణగుటకు ఐదున్నర సెకన్లు పడుతున్నదని ఆయన కనుగొన్నాడు. ఆ లోపల వక్త మరో పది పన్నెండు మాటలు పలుకుతాడు. పాత మాట తోక కొత్త మాట తలను కప్పివేస్తుంది. సబైన్ పక్కనున్న నాటకశాల నుండి మెత్తని దిండ్లు తెప్పించి, వాటిని పెంచుతూ తగ్గిస్తూ రాత్రివేళల ప్రయోగాలు చేశాడు. మెత్తని వస్తువులు ప్రతిధ్వనిని మ్రింగివేస్తాయని లెక్కలతో నిరూపించాడు. నేటి మందిర ధ్వని శాస్త్రానికి అదే పునాది. నున్నని రాతి నేల, సిమెంటు గోడలు, పలుచని జనం గల మన మందిరాలలో తివాచీలు, తెరలు కేవలం అలంకారాలు కావు. అవి వృద్ధులకు మాటను నిలిపి ఇచ్చే సాధనాలు.

నాలుగవది ఇతర శబ్దాలు. తలపైన పంకాల హోరు, వెలుపల జనరేటరు, వీధిలోని వాహనాలు యువకుని చెవికి అడ్డు రావు. రెండు ధ్వనులలో కావలసినదానిని ఏరుకొనే శక్తి వయస్సుతో పాటు తగ్గుతుంది కనుక వృద్ధునికి అవి మాటతో కలిసిపోతాయి.

మైకు పెంచితే ఏమౌతుంది?

సాధారణంగా మనము చేసే పని మైకు పెంచడము. ఇందులో రెండు చిక్కులు ఉన్నాయి. రోమకణాలు పోయిన చెవికి చిన్న ధ్వనులు వినిపించవు. పెద్ద ధ్వనులు మాత్రం ఎప్పటివలెనే పెద్దగా, ఒక్కొక్కప్పుడు బాధగా వినిపిస్తాయి. వినిపించే స్థాయికీ బాధించే స్థాయికీ మధ్య ఉన్న ఎడం ఇరుకైపోతుంది. అందుచేతనే "గట్టిగా చెప్పు" అన్న పెద్దాయనే, మనము అరవగానే "ఎందుకు అరుస్తావు?" అని విసుక్కుంటారు. అది చాదస్తం కాదు, చెవి స్థితి.

రెండవ చిక్కు, మైకు పెంచినప్పుడు అచ్చులు, ప్రతిధ్వని, పంకాల హోరు అన్నీ కలిసి పెరుగుతాయి. హల్లులు మాత్రం ఆ చెవికి చేరవు. గొట్టపు లౌడ్ స్పీకర్లు దూరానికి ధ్వనిని విసరుటకు పనికివస్తాయి కాని, అతి సూక్ష్మమైన పైస్థాయి ధ్వనులను చక్కగా పలకవు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. 34 మీటర్ల దూరాన ఉన్న గొట్టం నుండి వచ్చే మాట సెకనులో పదవ వంతు ఆలస్యంగా చేరి, దగ్గరి పెట్టె నుండి వచ్చిన మాటతో కలబడుతుంది. కాబట్టి పెంచవలసినది ధ్వని కాదు, స్పష్టత. ఈ ఒక్క మాట పాఠకులు గుర్తుంచుకొంటే ఈ వ్యాసం సార్థకమైనట్లే.

నష్టం ఎంతటిది?

వినలేనివాడు కొన్నాళ్ళు తల ఊపుతాడు. అందరూ నవ్వినప్పుడు నవ్వుతాడు. తరువాత, పొరపాటున తప్పు సమాధానం చెప్పి నలుగురిలో నవ్వులపాలౌతానేమోనని మౌనం వహిస్తాడు. ఆ పైన సభలకు రావడమే తగ్గిస్తాడు. కంటి చూపు తగ్గితే కళ్ళజోడు పెట్టుకొనుటకు ఎవరూ సిగ్గుపడరు. చెవి యంత్రం పెట్టుకొనుటకు మాత్రం "చెవిటివాడు" అన్న పేరు వస్తుందని జంకుతారు. ఆ జంకుకు కారణం మన ఎగతాళే. మతిమరుపు వ్యాధిని గురించి లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2017, 2020, 2024 సంవత్సరాల నివేదికలలో, సరిదిద్దుటకు వీలున్న ప్రధాన కారణాలలో వినికిడి లోపాన్ని చేర్చింది. చెవి మూతపడితే మనిషి ఒంటరి అవుతాడు. ఒంటరితనం మనస్సును కూడా క్రుంగదీస్తుంది.

చేయదగిన పనులు

మొదట పెద్దలు చేయవలసినది పరీక్ష. తగ్గిన వినికిడి అంతా వయస్సు వల్లనే అనుకోరాదు. గులిమి గట్టిపడినా, చెవిలో చీము ఉన్నా వినికిడి తగ్గుతుంది. వీటికి చికిత్స కలదు. పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టుట, కాచిన నూనె పోయుట ప్రమాదకరము. ఒక్కసారిగా ఒక చెవి వినిపించకుండా పోతే అది అత్యవసరము. ఆలస్యం చేయక వైద్యుని వద్దకు వెళ్ళవలెను. వినికిడి యంత్రం చెవి కొలతను, పరీక్ష ఫలితాన్ని బట్టి అమర్చవలసిన సాధనము. దానికి అలవాటుపడుటకు కొన్ని వారాలు పడుతుంది. మొదటి రోజే చికాకుపడి డబ్బాలో పెట్టివేయుట తగదు. ఐతే యంత్రం దగ్గరి సంభాషణకు ఉపకరించినంతగా దూరపు ప్రసంగానికి ఉపకరించదు. యంత్రం పెట్టుకొన్నవారు కూడా ముందు వరుసలోనే కూర్చోవలెను.

వక్తలు చేయవలసినది అరవడం కాదు. ముందుగా విషయమేమిటో ఒక వాక్యంలో చెప్పవలెను. విషయం తెలిసిన మనస్సు జారిన మాటలను పట్టుకోగలదు. వాక్యం చివర స్వరం దించివేయక, ఒక క్షణం ఆగవలెను. ముఖ్యమైన మాటను మరొక మాటతో తిరిగి చెప్పవలెను. "సబ్ర్, అంటే ఓర్పు" అని ఒక్కసారి అన్నట్లయితే మన దాదాగారు దిగులుతో ఇంటికి వచ్చేవారు కాదు. పెదవుల కదలిక కూడా సగం మాటను చెబుతుంది కనుక, మైకు నోటిని కప్పకుండా, వెలుగు ముఖం మీద పడేటట్లు నిలబడవలెను.

కమిటీలు చేయదగినవి ఇవి. కుర్చీలను మొదటి వరుస రెండు చివరలకు మార్చవలెను. ప్రసంగం జరిగేంతసేపు వెలుపలి గొట్టాన్ని ఆపి, లోపల తక్కువ ధ్వనితో పలికే చిన్న పెట్టెలను శ్రోతలకు దగ్గరగా అమర్చవలెను. పెద్దల తలపైన ఉన్న పంకా వేగాన్ని తగ్గించవలెను. కొంచెం ఖర్చు పెట్టగలిగితే, యాంప్లిఫయరు నుండి మొదటి వరుసకు ఒక తీగ లాగి రెండు మూడు హెడ్‌ఫోన్లు ఏర్పాటు చేయవచ్చును. ఇతర దేశాలలో చాలా ప్రార్థనా మందిరాలలో నేల చుట్టూ ఒక తీగ పరిచి, చెవి యంత్రంలోని చిన్న తీగచుట్టకు మాటను అయస్కాంత క్షేత్రం ద్వారా నేరుగా అందించే పద్ధతి ఉన్నది. దానివల్ల గది ప్రతిధ్వని మధ్యలో అడ్డురాదు.

వెనుకటి రోజులలో మైకులు లేనప్పుడు పెద్ద జమాతులలో ముకబ్బిర్ అనే ఆయన మధ్య వరుసలో నిలబడి ఇమాము తక్బీరును వెనుకవారికి అందించేవాడు. వినలేనివారికి మాటను చేర్చుట ఒక బాధ్యత అన్న భావం మనకు కొత్తది కాదు.

సహాయం చేసే సంస్థలు

మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో స్థాపించబడినది. 1983లో బొంబాయిలో నెలకొల్పబడిన జాతీయ సంస్థకు అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షునిగా, తరువాత మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన హైదరాబాదు ప్రముఖుడు. ఆ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం కలదు. కేంద్ర ప్రభుత్వం 1981 నుండి వికలాంగులకు ఉపకరణాలిచ్చే పథకాన్ని, 2017 నుండి పేద వృద్ధులకు ఉపకరణాలిచ్చే వయోశ్రీ పథకాన్ని నడుపుతున్నది. రెండింటిలోనూ వినికిడి యంత్రాలు ఉన్నాయి. ఐతే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవులలోనూ 60 డెసిబెల్లకు తక్కువ కాని లోపాన్నే వైకల్యంగా గుర్తిస్తుంది. 40, 50 డెసిబెల్ల లోపం గల వృద్ధుడు చట్టం దృష్టిలో వికలాంగుడు కాడు. ప్రసంగం మాత్రం ఆయనకు అందదు. చట్టం చేరని ఆ చోటికి చేరవలసినవారము మనమే.

విద్యార్థులకు ఒక విన్నపము

మా మనవి ఒకటి. ప్రతి శుక్రవారం ప్రసంగం విని వచ్చిన విద్యార్థులలో ఇద్దరు కూర్చుని, దాని సారాంశాన్ని ఒక్క పుటలో పెద్ద అక్షరాలతో వ్రాయవచ్చును. ఒకరు ఉర్దూలో, ఒకరు తెలుగులో. ప్రసంగంలో వచ్చిన సూరా పేరు, ఆయతు సంఖ్య అందులో ఉంటే, ఇంటి వద్ద గ్రంథం తెరచి చూచుకొనుటకు వీలుంటుంది. వ్రాసిన పుటను వక్తకు చూపించి, ఆయన సరే అన్న తరువాతనే పెద్దలకు ఇవ్వవలెను. ఈ ప్రాంతానికి ఇటువంటి సేవ కొత్త కాదు. ఖురానును తెలుగులోనికి తొలిగా అనువదించిన వారిలో ఒకరైన చిలుకూరి నారాయణరావుగారు అనంతపురం కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసినవారే. చెవికి అందని దానిని కంటికి అందించిన ఆ పండితుని మార్గంలో మనము ఒక్క పుట వ్రాయలేమా?

మరొక మాట మన చెవులను గురించి. 85 డెసిబెల్ల ధ్వనిలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండరాదని నిపుణులు చెబుతున్నారు. ప్రతి 3 డెసిబెల్లకు ఆ వ్యవధి సగం కావలెను. మరమగ్గాల మధ్య పనిచేసేవారూ, చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని గంటల తరబడి పాటలు వినే యువకులూ రేపటి వార్ధక్యాన్ని ఈనాడే తెచ్చుకొంటున్నారు. పోయిన రోమకణం తిరిగి రాదు.

వచ్చే శుక్రవారం మనుమడు దాదా చేయి పట్టుకొని, కొంచెం ముందుగా బయలుదేరి, మొదటి వరుస చివర కుర్చీలో కూర్చోబెట్టి, తానూ పక్కనే కూర్చొనవలెనని కోరుతున్నాము. తిరిగి వచ్చిన తరువాత "ఏం చెప్పారు దాదా?" అని పరీక్షగా అడుగనవసరం లేదు. "నేను విన్నది ఇది దాదా, మీరు విన్నది ఏమిటి?" అని కలిసి కూర్చుంటే చాలు. జారిపోయిన హల్లులు ఆ కూర్చొనుటలో దొరుకుతాయి. ఆ పెద్దాయనకు దక్కవలసినది ఖబ్ర్ మాట కాదు, సబ్ర్ మాట. అది ఆయనకు అందేటట్లు చూచుట మన వంతు.